వరంగల్ మాస్టర్ ప్లాన్‌లో మీ సర్వే నంబర్ ఏ రంగులో ఉంది?

1972 నాటి మాస్టర్ ప్లాన్‌తోనే, అంటే ఏ భూమిని దేనికి వాడాలో రంగుల్లో చూపించే నక్షాతోనే, మన వరంగల్ 2024 నవంబర్ దాకా బండి లాగించింది. 1971 జనాభా లెక్కల్లో ఊరు 2 లక్షల చిల్లర, 2011కి విలీన గ్రామాలు కలుపుకొని 8 లక్షలు దాటింది. అంటే మా నాన్నకు పెళ్లి కాకముందు గీసిన నక్షాను పట్టుకొని, మా పిల్లలు బడికి పోయే రోజుల దాకా ఇళ్లకు, కాంప్లెక్సులకు, ఫంక్షన్ హాళ్లకు పర్మిషన్లు ఇచ్చుకుంటూ వచ్చారు. మధ్యలో హృదయ్, అమృత్, స్మార్ట్ సిటీ అన్నీ వచ్చాయి. పథకాలకు ఎప్పుడూ కొదవ లేదు, అసలు నక్షాయే పాతది.

2041 వరకు అని 2018లో డ్రాఫ్ట్ బయటపెట్టి అభ్యంతరాలు అడిగారు, ఫైనల్ అయ్యేసరికి ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లు ఊరేమైనా ఆగిందా? వెంచర్లు పడ్డాయి, ప్లాట్లు చేతులు మారాయి, నాలాల మీద స్లాబులు పడ్డాయి. తీరా జీవో వచ్చాక అందరి నోటా ఒకటే ముచ్చట, మామునూరు ఎయిర్‌పోర్టు, టెక్స్‌టైల్ పార్కు, ఔటర్ రింగు రోడ్డు, గజం ఎంత. 1805 చదరపు కిలోమీటర్లు, మూడు జిల్లాలు, 181 గ్రామాలు ఉన్న ప్లాన్ అది. అందులో చెరువుల సంగతి, కోట సంగతి, పొలాల సంగతి అడిగినవాళ్లు నాకైతే పెద్దగా కనపడలేదు. ప్లాన్ బాగుందా లేదా అన్నది తర్వాత చూద్దాం, దాన్ని మళ్లీ ఎప్పుడు తెరిచి సరిచేస్తారో ముందు తేల్చాలి అనేది నా గొడవ.

ముందు నీళ్ల సంగతి. కాకతీయులు ఇక్కడ కట్టినవి విడివిడి చెరువులు కావు, గొలుసుకట్టు. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు వాగు పట్టుకొని కింది చెరువుకు పోవాలి, అది నిండితే ఇంకా కిందికి. మనం చెరువులను కొంతవరకు వదిలేశాం కానీ వాటి మధ్య దారులను మాత్రం మింగేశాం. చెరువును పూడ్చేస్తే ఊరంతా చూస్తుంది, ఫొటో పేపర్లో పడుతుంది. అదే పది మీటర్ల వాగు ఏటా అర మీటరు చొప్పున సన్నబడుతూ చివరికి ఒక మోరీ అయిపోతే ఎవరికీ పట్టదు. 2020 ఆగస్టులో హన్మకొండ కాలనీల్లో జనాన్ని పడవల్లో తీసుకొచ్చారు. 2023 జులైలో భద్రకాళి చెరువు కట్ట పోతననగర్ వైపు తెగింది. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుఫానుకు మళ్లీ అదే కథ. హంటర్ రోడ్డు అవతల మా పెద్దమ్మ వాళ్ల ముందు గదిలో స్విచ్‌బోర్డుకు జానెడు పైన గోడ మీద ఒక మట్టి గీత ఉంటుంది. దాని మీద రెండుసార్లు సున్నం వేయించారు, అయినా వానాకాలం చెమ్మకు మళ్లీ పైకి తేలుతుంది. ఇప్పుడు ఫ్రిజ్‌ను సిమెంటు దిమ్మె కట్టించి దాని మీద పెట్టుకున్నారు. ఆ ఇంటికి పర్మిషన్ ఉంది, రిజిస్ట్రేషన్ ఉంది, బ్యాంకు లోన్ కూడా వచ్చింది. అన్ని కాగితాలూ సక్కగ ఉన్న ఇంట్లోకి నీళ్లొచ్చాయంటే తప్పు ఎక్కడుందో వెతకాల్సింది ఆ ఇంట్లో కాదు, నక్షాలో.

రూల్స్ లేవా అంటే ఉన్నాయి. 2012 నాటి 168 జీవో ప్రకారం 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు ఖాళీగా వదలాలి. కాకపోతే ఆ ఎఫ్‌టీఎల్ గీత నేల మీద ఎక్కడుందో చూపించే హద్దురాళ్లు ఉండాలి కదా! ఎండాకాలంలో నీళ్లు వెనక్కి పోయినప్పుడు శిఖం భూమిలో, అంటే చెరువు నిండితే మునిగే జాగాలో, నిలబడి 'ఇక్కడిదాకా నీళ్లు రావు సార్' అని ప్లాట్ చూపించేవాళ్లకు ఆ రాళ్లు లేకపోవడమే పెట్టుబడి. 2024 చివర్లో భద్రకాళి చెరువును ఖాళీ చేసి పూడిక తీయడం మొదలుపెట్టారు, సంతోషమే. పూడిక తీసిన చెరువులో ఎక్కువ నీళ్లు నిలుస్తాయి, నిజమే, కానీ ఎక్కువైన నీళ్లు పోయే దారి సంగతి వేరే. బొందివాగు, నయీంనగర్ నాలా ఏ చోట ఎంత వెడల్పు ఉండాలో మీటర్లలో రాసి, సర్వే నంబర్లతో సహా ప్లాన్‌కు జతచేసి, దాన్ని వార్డు ఆఫీసు గోడకు అంటించాలి. నీలం రంగు గీత గీసి వదిలేస్తే సరిపోదు.

కోట సంగతి ఇంకో రకం చిక్కు. రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు కొత్త కట్టడం నిషేధం, ఆపైన ఇంకో 200 మీటర్లు అనుమతితోనే కట్టాలి, ఇది 2010లో గట్టిపడిన కేంద్ర చట్టం. చట్టం మంచిదే, నేను దానికి వ్యతిరేకం కాదు. మరి ఖిలా వరంగల్‌లో కోట లోపల ఒక ఊరే ఉంది కదా, తరతరాలుగా జనం అక్కడే బతుకుతున్నారు. కొడుక్కు పెళ్లయితే పైన ఒక గది వేసుకోవడానికి లేదు. అట్లని బయట పట్టణంలో ఇల్లు కొనే స్థోమత అందరికీ ఉంటుందా? ఇక అటు మట్టికోట మీదకు పోతే ఎక్కడిది కట్ట, ఎక్కడిది అగడ్త, ఎక్కడిది ఎవరి దొడ్డో తెలియదు. తోరణాలకు లైట్లు పెట్టడం సులువు, ఫొటోలు కూడా బాగా వస్తాయి. కోటలో ఉన్నవాళ్లకు ఎక్కడ, ఎంత జాగా, ఏ లెక్కన ఇస్తారో ప్లాన్‌లో రాయకుండా పరిరక్షణ అంటే ఆ భారమంతా వాళ్ల నెత్తిన పెట్టినట్టే.

ఇక పొలాలు. మా ఊరి కాక ఒకాయన మొన్న ఫోన్ చేతిలో పెట్టి 'తమ్మీ, గిండ్ల మన చెలక యాడుందో జూడు' అన్నాడు. వాట్సాప్‌లో ఎవరో పంపిన మ్యాపు. పెద్దగా చేసిన కొద్దీ మసకబారుతోంది, సర్వే నంబర్లు చీమల్లా ఉన్నాయి. చెరువు గట్టు, దర్గా పక్క రోడ్డు ఆనవాలు పట్టుకొని ఎట్లనో దొరకబట్టాను.

'పచ్చగున్నది కాకా.'

'పచ్చగుంటే మంచిదేగద?'

ఏం చెప్పాలి? మామూలుగా ఇట్లాంటి నక్షాల్లో లేత పచ్చ అంటే వ్యవసాయం, ముదురు పచ్చ అంటే పార్కులు, ఆటస్థలాలు. ఆ రెండు పచ్చలకు తేడా ఫోన్లో కనపడదు. మొదటిదైతే దున్నుకోవచ్చు. రెండోదైతే రేపు బిడ్డ పెళ్లికి అమ్ముదామన్నా కొనేవాడు రాడు, వచ్చినా సగం ధరకే అడుగుతాడు. పసుపు వస్తే నివాసం, ఊదా వస్తే పరిశ్రమ. ఒక కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి ఏ రంగు పోస్తే ఎకరానికి ఆ ధర.

2023 జనవరిలో కామారెడ్డి రైతులు రోడ్డెక్కింది దీనికే. పంట భూములు ఇండస్ట్రియల్ జోన్‌లోకి, 100 అడుగుల రోడ్డులోకి పోయినట్టు డ్రాఫ్ట్ చూశాక తెలిసింది, ఒక రైతు ప్రాణం కూడా పోయింది, చివరికి మున్సిపల్ కౌన్సిల్ తీర్మానం చేసి డ్రాఫ్ట్ రద్దు చేసింది. అదే నెలలో జగిత్యాలలోనూ వెనక్కి తీసుకున్నారు. అంతకు ముందు ఏడాది మన దగ్గరే ఔటర్ చుట్టూ 21 వేల ఎకరాలకు పైగా ల్యాండ్ పూలింగ్ (రైతుల భూములు తీసుకొని, బదులుగా కొంత ప్లాట్లుగా తిరిగి ఇవ్వడం) అని నోటిఫికేషన్ ఇచ్చి, ఊర్లకు ఊర్లు తిరగబడితే రద్దు చేసుకున్నారు. రైతులు చేసింది వంద శాతం న్యాయం. కానీ రద్దుతో సంబురం చేసుకొని ఇంటికి పోతే మిగిలేది మళ్లీ పాత ప్లానే, పాత ప్లాన్ ఉన్నన్నాళ్లు లాభం ఎవరికో మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

అమెరికాలో కనెక్టికట్ అని ఒక చిన్న రాష్ట్రం ఉంది. అక్కడ ప్రతి ఊరికీ పరిరక్షణ, అభివృద్ధి రెండూ కలిపిన ప్లాన్ ఒకటి ఉండాలి, కనీసం పదేళ్లకోసారి దాన్ని సవరించుకోవాలి, ఇది వాళ్ల చట్టంలోనే ఉంది. గడువు దాటేస్తే, రాష్ట్రం తన ఇష్టం మీద ఇచ్చే గ్రాంట్లకు ఆ ఊరికి అర్హత పోతుంది. ఆ దేశం లెక్కలు మనకెందుకు అంటారేమో, నేను అడిగేది ఆ గడువు ఒక్కటే. మన 2041 ప్లాన్‌కు కూడా ఐదేళ్లకో పదేళ్లకో ఒక తేదీ పెట్టి, ఆ తేదీ దాటితే కొత్త లేఅవుట్ల పర్మిషన్లు ఆపేయండి, అప్పుడు చూడండి ఫైళ్లు ఎట్ల ఉరుకుతాయో. మా కాలనీ అసోసియేషన్‌లో ఈ మాట అంటే ఒకాయన నవ్వి 'గట్లయితే బిల్డర్లే ధర్నా చేస్తరు' అన్నాడు. చేయనీ, నాకూ కావాల్సింది అదే. యాభై ఏళ్లు మనం అడిగితే కానిది వాళ్లు అడిగితే ఆర్నెల్లలో అవుతుంది.

అంతవరకు మీరు చేయగలిగింది చెప్తా. పాస్‌బుక్ గానీ సేల్‌డీడ్ గానీ తీసి సర్వే నంబర్ రాసుకోండి. వాట్సాప్ మ్యాపు నమ్మొద్దు, కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) ఆఫీసుకు పోయి ఆ సర్వే నంబర్ ఏ జోన్‌లో ఉందో రాతపూర్వకంగా అడగండి, నోటిమాటతో వెనక్కి రాకండి. మీ ఇంటి దగ్గర నాలా ఉంటే టేపు పట్టి వెడల్పు కొలిచి, తేదీతో ఫొటో తీసి పెట్టుకోండి. హంటర్ రోడ్డు, నయీంనగర్ వైపు వాళ్లెవరి దగ్గరైనా పాత గ్రామ నక్షాలు, వాగు హద్దులు కనపడేవి ఉంటే కింద కామెంట్లో చెప్పండి, నేనే వచ్చి స్కాన్ చేసుకొని పోతా.