దుప్పట్లు ఉతికేదానికి వేరే కంపెనీ ఎందుకు?

కంపెనీలు పనులు బయటికెందుకు ఇస్తాయి అంటే అందరూ ఠక్కున చెప్పేది ఒకటే, చీప్‌గా అయిపోతుందని. నేను తిరుపతిలో కొన్ని లాడ్జీలకి, షాపులకి లెక్కలు రాసి జీఎస్టీ రిటర్నులు వేస్తుంటా (అంటే నేనూ అవుట్‌సోర్సింగే లెండి), బిల్లులు చూస్తే చాలాసార్లు బయటికిచ్చిన పనికే రేటు ఎక్కువ పడుతుంది, అయినా ఇస్తారు.

లాడ్జి దుప్పట్లే తీసుకోండి. పొద్దున్నే లాండ్రీ ఆటో వస్తుంది, బెడ్‌షీట్లు, టవళ్లు, పిల్లో కవర్లు వేరేవేరేగా లెక్కపెట్టి మూటలు కడతారు, చీటీ రెండు కాపీలు, పీసుకింత అని రేటు. లెక్క దగ్గర రోజూ గొడవే. దానికితోడు గుండు చేయించుకున్నోళ్లు తలకి గంధం పూసుకుని అట్నే పడుకుంటారు కదా, కవరంతా పసుప్పచ్చగా అయిపోతుంది, ఆ మరక పోకపోతే డబ్బులెవరు కట్టాలని ఇంకో పంచాయితీ. మెషినొకటి కొనుక్కుంటే పోలా అన్నా అని ఓనర్ని అడిగితే, "బ్రహ్మోత్సవాలకి, ఎండాకాలం సెలవులకి ఆ మెషిను చాలదు, రూములు ఖాళీగా ఉండే రోజుల్లో మెషిను ఊరికే ఉంటది గానీ ఈఎంఐ ఊరుకుంటదా సామీ" అన్నాడు. అదీ సంగతి. రూము నిండితేనే ఖర్చు, నిండకపోతే లేదు, దానికోసం పీసుకి నాలుగు రూపాయలు ఎక్కువైనా పర్లేదు ఆయనకి.

చిత్తూరు తట్టు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలదీ ఇదే కథ. తోతాపురి కాయ ముఖ్యంగా జూన్, జూలైల్లో, అప్పుడు గేటు ముందర ట్రాక్టర్ల క్యూ, రైతులు రాత్రిళ్లు కూడా అక్కడే, సీజన్ అయిపోతే అంతా చప్పుడు లేకుండా అయిపోతుంది. జ్యూస్ అమ్మే పెద్ద కంపెనీకి గుజ్జు ఏడాదంతా కావాలి గానీ సీజన్లో మాత్రమే తిరిగే ఫ్యాక్టరీ ఎందుకు? అసెప్టిక్ బ్యాగుల్లో (క్రిములు లేకుండా చేసి సీలు వేసే సంచులు లెండి) నింపి డ్రమ్ములకెత్తితే ఫ్రిజ్ లేకుండానే నెలల తరబడి ఉంటుంది, కావాల్సినప్పుడు తెప్పించుకుంటారు. మరి రిస్కు ఎవరికి అంటారా, కాయ ధర పడిపోయిన ఏడాది ఏ తోటకైనా పోయి అడగండి.

డబ్బు సంగతి పక్కనపెడితే టైమొకటి. షావోమీ మన దేశంలో ఫోన్లు అమ్మడం మొదలుపెట్టింది 2014లో, 2015కల్లా మన శ్రీసిటీలో వేరే కంపెనీలకి ఫోన్లు తయారుచేసిపెట్టే ఫాక్స్‌కాన్ వాళ్ల చేత చేయించేసింది. సొంతంగా స్థలం తీసుకుని, లైన్లు వేసుకుని, మనుషులకి పని నేర్పి చేసుంటే అంత తొందరగా అయ్యేదా?

అట్లని అన్నీ ఇచ్చేస్తే కూడా మునుగుతారు. బోయింగ్ 787 విమానానికి రెక్కలు, బాడీ ముక్కలతో సహా బయటోళ్లకిచ్చింది, 2008లో ఇవ్వాల్సిన మొదటి విమానం 2011కి గానీ చేతికి రాలేదు, మధ్యలో ఒక సప్లయర్ ఫ్యాక్టరీని తనే కొనుక్కోవాల్సొచ్చింది. మా ఓనర్‌కి ఇవన్నీ ఎవరూ చెప్పలేదు గానీ రిసెప్షన్ మాత్రం ఎవరికీ ఇవ్వడు, ఏ టైంలో ఎవరికి ఎంత రేటు చెప్పాలో ఆయన తమ్ముడికే తెలుసు.

ఇంకో కారణం ఉంది, అది ఎవరూ పైకి చెప్పరు. హౌస్‌కీపింగు, సెక్యూరిటీ కాంట్రాక్టరుకిస్తే ఆ మనుషులు మన రోల్స్‌లో ఉండరు, బోనస్ అనీ సెలవులనీ మనల్నడగరు. నాకిది అస్సలు నచ్చదు, పైగా వాళ్లనుకున్నట్టు తప్పించుకోవడం కూడా కుదరదు, కాంట్రాక్టరు జీతాలు ఎగ్గొడితే పని చేయించుకున్నవాడే కట్టాలని 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టం కాలం నుంచీ ఉంది. అందుకే బిల్లుతోపాటు పీఎఫ్ చలానా, పేర్ల లిస్టు తెమ్మంటా. పోయిన నెల లిస్టులో తొమ్మిది మంది, లాడ్జిలో చీపుర్లు పట్టుకుని తిరిగేది పన్నెండు మంది. మిగతా ముగ్గురి పేర్లు వచ్చేదాకా బిల్లు పాస్ చేయొద్దని ఓనర్‌కి చెప్పి పక్కన పెట్టించా, కాంట్రాక్టరు నాకు ఫోన్ల మీద ఫోన్లు చేస్తానే ఉన్నాడు.