గాలిగోపురం దగ్గర మొదలైన పాఠం

తిరుపతిలోని మా పాఠశాల మైదానంలో ఉత్తరం వైపు తిరిగి నిలబడితే శేషాచలం కొండలు, వాటి మీద తిరుమల మెట్లదారిలోని గాలిగోపురం కనిపిస్తాయి. 8వ తరగతిలో మా ఇంగ్లీషు అయ్యవారు సీ, లుక్, వాచ్ అనే మాటల తేడా చెప్పడానికి ఒక సాయంత్రం మమ్మల్ని ఆ మైదానానికే తీసుకెళ్లారు. అప్పటికి మేము మూడింటికీ ‘చూచుట’ అని రాసుకొని బట్టీ పట్టి ఉన్నాము. ఆయన ఆ అర్థాన్ని కొట్టివేయించి, “గాలిగోపురం మీకు కనిపించిందా, మీరే దాన్ని చూశారా?” అని అడిగారు. తల ఎత్తగానే దానంతట అది కంటబడితే సీ అనీ, కావాలని చూపు అటు తిప్పితే లుక్ అనీ, బ్రహ్మోత్సవాలలో 5వ రోజు రాత్రి మాడవీధిలో సాగివచ్చే గరుడవాహనాన్ని కదలిక కదలికా గమనిస్తూ నిలబడితే వాచ్ అనీ ఆయన చెప్పారు. వినిపించడం హియర్, చెవి ఒగ్గి వినడం లిజన్ అన్న సంగతి మాకు ఆ వరుసలోనే తెలిసిపోయింది.

ఈ తేడాలు తెలుగులో లేవనుకోవడం పొరపాటని, అవి మరో చోట ఉంటాయని ఆయన పదే పదే చెప్పేవారు. అప్పు అనే ఒకే మాటకు ‘తీసుకొను’ చేరిస్తే బారో, ‘ఇచ్చు’ చేరిస్తే లెండ్ అవుతుంది. మనం పక్కమాటతో చూపే దిశను ఇంగ్లీషు క్రియలోనే ఇముడ్చుకుంటుంది.

దీని విలువ నాకు ఉద్యోగంలో చేరిన తరువాతే పూర్తిగా అర్థమైంది. దారిలో సరుకు పాడైందని నాకు అనుమానం కలిగి, పై కార్యాలయానికి రాసిన ఉత్తరంలో డౌట్ అనే క్రియ వాడాను. సరుకు పాడైందంటే నేను నమ్మడం లేదని వారు అర్థం చేసుకున్నారు, ఇంగ్లీషు ప్రకారం అదే సరైన అర్థం కూడా. నేను రాయవలసినది సస్పెక్ట్. ‘పాడైందని అనుమానం’ అంటే పాడైందనే వైపు మొగ్గు, ‘పాడైందా అని అనుమానం’ అంటే నమ్మకం చాలకపోవడం. తెలుగులో ‘అని’కి ముందున్న ఒక్క దీర్ఘం చేసే పనికి ఇంగ్లీషులో క్రియే మారాలి. తరగతిలో ప్రశ్న అడగడానికి లేచిన ప్రతిసారీ డౌట్ ఉందని అనడం అలవాటైన నాకు, ఆ మాటలోని అపనమ్మకం అంతవరకూ తట్టనే లేదు.

ఆ రాత్రి పాత నోటుపుస్తకం వెదికి తీసి, అయ్యవారు ఎర్ర సిరాతో కొట్టివేయించిన ‘చూచుట’ కింద ఈ రెండు అనుమానాలనూ పక్కపక్కన రాసుకున్నాను.