గాజు టోపీ కింద పడిన నీడ

మేము సియాటిల్‌కు వచ్చి స్థిరపడిన కొత్తలో, అమ్మ రాజమండ్రి నుంచి వచ్చి మా దగ్గర ఉన్న రోజుల్లో, ఆమెను నగరంలోని ఒక ఆర్ట్ గ్యాలరీకి తీసుకువెళ్లాను. అక్కడ చెక్కతో చేసినట్టు కనిపించిన ఒక గోధుమరంగు టోపీ దగ్గర ఆమె చాలాసేపు నిలబడిపోయింది. పైనుంచి పడుతున్న దీపపు కాంతి ఆ టోపీలోంచి దిగి, కింది తెల్లని బల్ల మీద తేనెరంగు వలయంగా పరుచుకొంది. టోపీ మీద చెక్కిన కన్నూ ముక్కూ రెక్కా ఆ వలయంలో మళ్లీ కనిపిస్తున్నాయి. "నీడకి కూడా రంగుందే, ఇది గాజా?" అని అమ్మ అడిగింది. గాజు అనగానే చేతికి వేసుకొనేదే మొదట గుర్తొచ్చే మనకు, అంత బరువైన ఆకారం గాజుతో వస్తుందంటే నమ్మడం కష్టమే.

ఆ టోపీని చేసిన ప్రెస్టన్ సింగిల్‌టరీ 1963లో పుట్టి సియాటిల్‌లో పెరిగిన ట్లింగిట్ కళాకారుడు. ట్లింగిట్‌లు ఆగ్నేయ అలాస్కా తీరప్రాంతపు ఆదివాసులు. వంశ చిహ్నాన్ని ధరించే టోపీలను వారు చెక్కతో చెక్కుతారు, స్ప్రూస్ చెట్టు వేళ్లతో అల్లుతారు. అందుకే సింగిల్‌టరీ ఎంచుకొన్న ఆకారం కేవలం అందం కోసం ఎంచుకొన్నది కాదని, ఒక కుటుంబం తానెవరో నలుగురిలో చెప్పుకొనే వస్తువని తెలిశాక ఆ నీడను నేను మరింత గౌరవంతో చూశాను.

ఆయన ఈ పనిలోకి వచ్చిన దారి నేరుగా సాగినది కాదు. సంగీతమంటే ఇష్టమున్న ఆ యువకుడు, హైస్కూల్ స్నేహితుడు డాంటే మారియోని ద్వారా 1982లో ఒక గాజు స్టూడియోలో రాత్రి కాపలాదారుగా చేరి, తరువాత కొలిమి దగ్గరకు వచ్చాడు. గాజు కళాకారుడు డేల్ చిహులీ 1971లో మరికొందరితో కలిసి స్థాపించిన పిల్‌చక్ గాజు పాఠశాల సియాటిల్‌కు ఉత్తరాననే ఉండటంతో, ఇటలీ, స్వీడన్ వంటి దేశాల గాజు విద్య ఆ ప్రాంతానికే నడిచివచ్చింది. ఊదే పనితనం యూరప్‌ది, గీత మాత్రం తన పూర్వీకులది. ఈ రెండింటినీ కలపడానికి ఆయనకు చాలా ఏళ్లు పట్టింది.

ఆ గీతను ఫార్మ్‌లైన్ అంటారు. ఒకచోట లావెక్కి, ఒకచోట సన్నబడుతూ, ఎక్కడా తెగకుండా సాగే ఆ గీతకు కఠినమైన నియమాలున్నాయి. కోడిగుడ్డును కొంచెం నొక్కినట్టుండే ఆకారంలో కన్నో, ఒంటి కీళ్ల భాగమో ఒదగాలి, గీతల మధ్య ఖాళీ కూడా బొమ్మలో భాగంగా ఉండాలి. సింగిల్‌టరీ లేతరంగు గాజు మీద ముదురురంగు గాజును పొరగా కప్పి గొట్టంతో ఊదిస్తాడు. నెమ్మదిగా చల్లార్చిన తరువాత, ఆ వంపు తిరిగిన ఉపరితలం మీద అంటుకొనే పొర పరిచి, బొమ్మ గీసి, కత్తితో కోస్తాడు. కోసి తీసేసిన చోట్ల ఇసుకను గాలి ఒత్తిడితో చిమ్మితే పైరంగు అరిగి లోపలి రంగు బయటపడుతుంది. కాగితం మీద చదునుగా గీసిన బొమ్మను గుండ్రటి గాజు మీద తెగకుండా తిప్పడమే ఇందులో అసలు కష్టమని నా ఉద్దేశం.

గాజు ట్లింగిట్‌ల సంప్రదాయ పదార్థం కాదు కదా అనే ప్రశ్న నాకూ వచ్చింది. కానీ యూరప్ వ్యాపారులు తెచ్చిన గాజు పూసలను వారు ఎంతో విలువైనవిగా భావించి ఏనాడో తమ అలంకారాల్లో చేర్చుకొన్నారు. పరాయి వస్తువును తమ నియమంలోకి తెచ్చుకోవడం వారికి కొత్తేమీ కాదు.

2018లో సియాటిల్ దగ్గరి టకోమాలోని గాజు మ్యూజియంలో మొదలై, 2022లో దేశ రాజధాని వాషింగ్టన్ డి.సి.లోని అమెరికన్ ఇండియన్ జాతీయ మ్యూజియానికి చేరిన ఆయన ప్రదర్శన చూశాక ఆ అనుమానం పూర్తిగా పోయింది. అది రేవన్ కథ. రేవన్ అంటే మన బొంతకాకి జాతికి చెందిన పెద్ద పక్షి. లోకమంతా చీకటిగా ఉన్న కాలంలో, ఒక పెద్దమనిషి నక్షత్రాలను, చంద్రుణ్ణి, పగటి వెలుగును పెట్టెల్లో దాచుకొన్నాడట. రేవన్ ఒక చెట్టు సూదిలాంటి ఆకుగా మారి, ఆయన కూతురు తాగే నీళ్లలో పడి, ఆమెకు బిడ్డగా పుట్టి, మారాం చేసి ఒక్కొక్క పెట్టే తెరిపించుకొన్నాడు. చివరికి వెలుగుతో పారిపోతూ ఇంటికప్పులోని పొగగూడులో చిక్కుకొని మసిబారాడు. అంతకుముందు అతడు తెల్లని పక్షి. సింగిల్‌టరీ ఆ మసి అంటక ముందటి రేవన్‌ను తెల్లని గాజులో చేశాడు. పెట్టెలో మూసిన వెలుగును గురించిన కథను, వెలుగును తనలోంచి పోనిచ్చే పదార్థంలో చెప్పాలనుకోవడం నాకు ఎంతో సరైన ఆలోచనగా తోచింది.

ఆ సాయంత్రం ఫోనులో అమ్మకు ఈ కథంతా చెప్పాను. విని, "అయితే ఆ టోపీ మీద ఉన్న ముక్కు ఈ పక్షిదేనా?" అని అడిగింది. అది గద్దదో రేవన్‌దో నేను ఆ రోజు గమనించలేదు. మళ్లీ వెళ్లి చూసి చెబుతానని మాట ఇచ్చాను.