70 గేట్ల ప్రశ్న

హాస్య ధారావాహికలో నాది అన్నీ తప్పుగా చెప్పే బావమరిది పాత్ర. ఆ పాత్ర పుణ్యమా అని టీవీ గేమ్ షోల నుంచి పిలుపులు వచ్చాయి. నాలుగింటిలో ఆడాను. మూడింటిలో బెలూన్లు పగలగొట్టడం, కళ్లకు గంతలు కట్టుకుని వస్తువులు గుర్తుపట్టడం వంటివే. నాలుగోది క్విజ్. ఇప్పటికీ నాకు గుర్తున్నది అదే.

ఉదయం విజయవాడలో శాతవాహన ఎక్కి మధ్యాహ్నానికి సికింద్రాబాద్‌లో దిగాను. స్టూడియోలో ముందు ఒప్పంద పత్రం మీద సంతకం, పాన్ కార్డు నకలు. సన్న గళ్ల చొక్కా మార్చుకోమన్నారు. కెమెరాలో ఆ గీతలు అలల్లా కదులుతాయట. తరువాత బజర్ సాధన. మొదట నొక్కినవారి దీపం వెలగగానే మిగతావారి బజర్లు పనిచేయవు. నటుడికి మాటకు ముందు లిప్తపాటు ఆగడం అలవాటు, నవ్వు పండేది ఆ విరామంలోనే. ఇక్కడ ఆ విరామమే నా కొంప ముంచింది. జవాబు తెలిసిన రెండు ప్రశ్నలు పక్కవారికి పోయాయి.

రికార్డింగ్ మధ్యలో ఒకాయన వచ్చి, "సార్, ఒకటి రెండు జవాబులు మీ బావమరిదిలాగా తప్పు చెప్పండి, నవ్వులు పండుతాయి" అన్నారు. సరేనన్నాను. నాకు అన్నం పెట్టింది ఆ పాత్రే కదా.

తరువాతి ప్రశ్న: ప్రకాశం బ్యారేజీకి ఎన్ని గేట్లు?

మా నాన్న ఆ బ్యారేజీ దగ్గర గేట్లు చూసుకునే లస్కరుగా పనిచేసి రిటైరయ్యారు. నా చిన్నతనంలో సీతానగరం వైపు నడిపించుకు వెళ్తూ గేట్లు లెక్కపెట్టించేవారు. మధ్యలో తప్పితే మళ్లీ ఒకటి నుంచే. వరద రోజుల్లో రాత్రిళ్లు ఇంటికి వచ్చేవారు కాదు. పొద్దున్నే అమ్మ కట్టిన క్యారేజీ నేనే పట్టుకెళ్లేవాణ్ణి. అలాంటి గేట్ల మీద తప్పు జవాబు చెప్పి నవ్వించడానికి నాకు మనసు రాలేదు. ఈసారి వేలు ఆగలేదు. "70" అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఆ నిశ్శబ్దం నాకెంతో హాయిగా అనిపించింది.

ఆ రోజు 40,000 రూపాయలు గెలిచాను. బహుమతి సొమ్ము మీద 30 శాతం పన్ను ముందే పట్టుకుంటారు కాబట్టి చేతికి వచ్చింది 28,000. అదీ కొన్ని నెలలకు. వెళ్లేవారు ఈ లెక్క ముందే తెలుసుకోవడం మంచిది.

ప్రసారమైన రాత్రి కృష్ణలంకలో నాన్న పక్కన కూర్చుని చూశాను. నా జవాబు విని ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత మెల్లగా అడిగారు: "తూర్పు, పడమర కాలువలకు నీళ్లు వదిలే హెడ్ రెగ్యులేటర్ల గేట్లు ఇందులో కలపలేదు కదరా?"

"లేదు నాన్నా" అన్నాను.