రొయ్యల ల్యాబ్ రికార్డులు, పీడీఎఫ్‌లు రెండూ ఒకే సెర్చ్‌లోకి తెచ్చిన నా అనుభవం

మాది నెల్లూరు, ఇక్కడే ఒక ఆక్వా ల్యాబ్‌కి సాఫ్ట్‌వేర్ పని చూస్తా ఉంటాను. ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు నుంచి రైతులు శాంపిల్స్ తెస్తారు. రైతు పేరు, ఊరు, గుంట నంబరు, పీహెచ్, అమోనియా ఇవన్నీ మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఎక్కుతాయి, పీసీఆర్ (జబ్బు క్రిమిని పట్టే పరీక్ష) రిపోర్టు, దాని కింద తెలుగులో ఇచ్చే సలహా మాత్రం పీడీఎఫ్‌గా ఫోల్డర్లో ఉంటాయి. ఒక రైతు వచ్చి "అబ్బయ్యా, పోయిన పంటలో మా గుంటకి వైట్ స్పాట్ అని మీరే రిపోర్ట్ ఇచ్చినారు గదా, అది తీయ్" అంటే కౌంటర్లో పాప ఫోల్డర్లన్నీ తెరిచి చూడాల్సిందే.

అపాచీ సోలర్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్ అప్పటికే ఉంది, కానీ టేబుల్ వరసలు వేరే డాక్యుమెంట్లుగా, ఫైళ్లు వేరే డాక్యుమెంట్లుగా ఎక్కించి ఉన్నాయి. "ముత్తుకూరు", "వైట్ స్పాట్" రెండూ ఉండాలని వెతికితే ఒక్కటీ రాదు, ఊరేమో ఒక డాక్యుమెంట్లో, జబ్బేమో ఇంకోదాంట్లో. అందుకే ఒక శాంపిల్‌కి ఒకటే డాక్యుమెంట్, శాంపిల్ నంబరే ఐడీ అని ముందు తేల్చుకున్నాను.

అయితే అదే ఐడీతో ఫైల్‌ని నేరుగా పంపితే సోలర్ కలపదు, పాతది తీసేసి కొత్తది పెడుతుంది, రైతు పేరు, ఊరు అన్నీ పోతాయి. కావాల్సిన ఫీల్డ్‌నే మార్చే అటామిక్ అప్‌డేట్ ఉంది గానీ దానికి ఫీల్డ్స్ స్టోర్ అయి గానీ డాక్‌వాల్యూస్‌తో (విలువల్ని విడిగా దాచే పద్ధతి) గానీ ఉండాలి, లేకపోతే ఆ ఫీల్డ్ ఎగిరిపోతుంది. డేటాబేస్ నుంచి సోలర్‌కి ఎక్కించే డేటా ఇంపోర్ట్ హ్యాండ్లర్ వాడమని చాలామంది చెప్తారు, అది సోలర్ 8.6 వెర్షన్‌లోనే వద్దన్నారు, 9.0లో తీసేశారు, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దాని జోలికి పోవద్దు. నేను పైథాన్‌లో చిన్న స్క్రిప్ట్ రాశాను: వరస చదువుతుంది, ఆ నంబరున్న పీడీఎఫ్‌ని టికా సర్వర్‌కి (ఫైళ్లలోంచి టెక్స్ట్ తీసే సాఫ్ట్‌వేర్) ఇచ్చి టెక్స్ట్ తీసుకుంటుంది, రెండూ కలిపి ఒకే జేసన్‌గా సోలర్‌కి పంపిస్తుంది.

అసలు కష్టం తెలుగు దగ్గరే. సలహా పేజీలు అను ఫాంట్లలో టైప్ చేసినవి, స్క్రీన్ మీద చక్కటి తెలుగే కనిపిస్తది, టికా తీసిన టెక్స్ట్ చూస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిన గోల, ఎందుకంటే అది యూనికోడ్ కాదు. వాటికి లోపలి టెక్స్ట్ వదిలేసి, పేజీని బొమ్మగా తీసుకుని టెసరాక్ట్‌తో తెలుగు, ఇంగ్లీషు రెండు భాషలూ పెట్టి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని టెక్స్ట్‌గా మార్చడం) చేయించాను. ఒత్తులు అక్కడక్కడా తప్పుతాయి, అందుకే ఆ టెక్స్ట్‌ని వేరే ఫీల్డ్‌లో పెట్టి సెర్చ్‌లో బరువు తక్కువ ఇచ్చాను, ఊరు, పేరు ఫీల్డ్స్‌కి ఎక్కువ. వైట్ స్పాట్, తెల్లమచ్చ, డబ్ల్యూఎస్ఎస్‌వీ (ఆ జబ్బు వైరస్ పేరు) మూడూ సినోనిమ్స్‌లో పెట్టేశాను.

ఇంకోటి, ఇది చాలామంది మర్చిపోతారు: రోజూ మారినవి మాత్రమే ఎక్కించాలంటే టేబుల్‌లో టైమ్‌స్టాంప్ ఒక్కటే చూస్తే చాలదు. రిపోర్ట్ సరిచేసి మళ్లీ ఫోల్డర్లో పెడితే వరస మారదు గదా, ఫైల్ మారిన టైమ్ కూడా చూడాలి, రెండిట్లో ఏది కొత్తదైనా మొత్తం డాక్యుమెంట్ మళ్లీ కట్టాలి.

ఇప్పుడు పాప రైతు ఎదురుగానే ఊరు, జబ్బు కొట్టి రిపోర్ట్ తీసిస్తా ఉంది. పాత రిపోర్టుల ఓసీఆర్ ఇంకా రాత్రిళ్లు నడుస్తానే ఉంది, ఈ ఏడాదివి అయిపోయినాయి, వెనక్కి పోతా ఉన్నాం.