ఆదివారం, డ్రాప్ సి

ఇ స్టాండర్డ్‌లో, అంటే మామూలు శ్రుతిలో, ఉన్న గిటార్‌ని డ్రాప్ సికి (లావు తీగ సి దాకా దిగే కింది శ్రుతికి) దించడం, ఈరోజు పని ఇదొక్కటే. 25.5 అంగుళాల స్కేల్ (మోగే తీగ పొడవు), కదలని బ్రిడ్జ్, మీద 10–46 సెట్, అంటే సన్న తీగ నుంచి లావు తీగ దాకా మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో. పెగ్గులు (తీగ బిగించే మరలు) వదులు చేసుకుంటూ పోతే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది గానీ, ఆ శ్రుతి మొదటి రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న స్వర వరస) పూర్తయ్యేదాకా కూడా నిలవదు. అప్పుడు నింద పెగ్గుల మీద పడుతుంది. తీగని పట్టి బిగించే లాకింగ్ పెగ్గులు కొని బిగించినా పెద్ద తేడా రాదు, ఎందుకంటే లోపం అక్కడ లేదు. తీగ వదులైపోయింది, అంతే.

తీగ బిగువు ఫ్రీక్వెన్సీ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి మారుతుంది. ఒక సెమీటోన్ (పక్కపక్క స్వరాల మధ్య తేడా) దించితే 11 శాతం, రెండు దించితే దాదాపు 21 శాతం, నాలుగు దించితే 37 శాతం బిగువు పోతుంది. డ్రాప్ సిలో లావు తీగ నుంచి వరసగా సి, జి, సి, ఎఫ్, ఎ, డి. అంటే అయిదు తీగలు రెండేసి సెమీటోన్లు దిగుతాయి, అన్నిటికంటే లావైన ఆరో తీగ ఏకంగా నాలుగు దిగుతుంది. ఇ దగ్గర, అంటే 82.41 హెర్ట్జ్ దగ్గర, 46 తీగ మీద సుమారు 7.9 కిలోల బిగువు ఉంటుంది. అదే తీగని 65.41 హెర్ట్జ్ సికి దించితే మిగిలేది 5 కిలోలు. అంత వదులుగా ఉన్న తీగని పిక్‌తో గట్టిగా కొడితే, ఊగినప్పుడు సాగి స్వరం పైకి లేస్తుంది, తర్వాత మెల్లగా కిందికి వచ్చి ఆగుతుంది. ఫ్రెట్ (మెడ మీది లోహపు పట్టీ) మీద కాస్త ఎక్కువ నొక్కినా అంతే. ట్యూనర్‌లో ముల్లు ఊగుతూ ఉంటే పెగ్ జారుతోందనుకుంటారు చాలామంది.

ఫ్యాక్టరీ ప్రమాదంలో రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకున్న బ్లాక్ సబ్బాత్ గిటారిస్ట్ టోనీ అయోమీ 1971 నాటికి మూడు సెమీటోన్లు కిందికి దించి వాయిస్తున్నాడు. బిగువు తగ్గితే తీగ వేలికి తేలిగ్గా లొంగుతుంది. ఆయనకి కావలసిన వదులే మిగతావాళ్ళకి తలనొప్పి.

పోయిన బిగువుని లావుతో తిరిగి ఇవ్వాలి. 11–56 సెట్ ఎక్కించాను. సి దగ్గర 56 తీగ బిగువు సుమారు 7.5 కిలోలు, అంటే పాత ఇ తీగ దరిదాపుల్లోకి వచ్చేసినట్టే. అవతలి చివర కూడా లెక్క కుదురుతుంది: డి దగ్గర 11 తీగ బిగువు, ఇ దగ్గర 10 తీగ బిగువులో 96 శాతం. ఇక్కడ స్కేల్ పొడవు కూడా చూసుకోవాలి. 24.75 అంగుళాల గిటార్‌లో అదే తీగ, అదే స్వరం అయితే బిగువు 6 శాతం తక్కువ, కాబట్టి ఇంకొంచెం లావు సెట్ కావాలి. 27 అంగుళాల బారిటోన్ గిటార్‌లో 12 శాతం ఎక్కువ.

సగం రోజు నట్‌కే (మెడ పై కొసన తీగలు ఆనే గాడుల పట్టీకే) పోయింది, పోవలసింది కూడా అక్కడే. 46 తీగ మందం 1.17 మి.మీ., 56 తీగది 1.42. పాత గాడిలో పెట్టి చూస్తే కొత్త తీగ పై అంచుల మధ్యే ఇరుక్కుంది, అడుగుకి దిగలేదు. అలాగే వదిలేసి శ్రుతి చేస్తే ఏమవుతుందంటే, పెగ్ తిప్పుతున్నా స్వరం కదలదు, ఉన్నట్టుండి టిక్కుమని ఒక్క గెంతు గెంతుతుంది. ఈ చప్పుడు వినిపించిందంటే పెగ్గుల సంగతి మరిచిపోవచ్చు.

దీనికి ఇంకా నమ్మకమైన పరీక్ష ఒకటుంది. శ్రుతి చేసి తీగని గట్టిగా బెండ్ చేసి (వేలితో పక్కకి లాగి) వదలాలి. స్వరం కిందికి దిగిందంటే, బెండ్‌కి నట్ దాటి ఇటు వచ్చిన తీగ వెనక్కి పోలేక ఇక్కడే ఉండిపోయిందన్నమాట. తర్వాత నట్‌కీ పెగ్‌కీ మధ్య తీగని వేలితో నొక్కి వదలాలి. ఈసారి స్వరం పైకి లేస్తే అదే ఇరుకు, ఎదురు దిశలో. రెండుసార్లూ స్వరం యథాస్థానానికి వస్తే నట్ తప్పు లేదు.

గాడి తీగ కంటే 0.05 నుంచి 0.1 మి.మీ. వెడల్పు ఉంటే చాలు. 58 లేదా 60 సైజు నట్ ఫైల్‌తో పక్కలు మాత్రమే రాయాలి. ఫైల్ లేకపోతే పాత 46 తీగ ముక్కకి 600 గ్రిట్ ఉప్పుకాగితం చుట్టి రాసుకోవచ్చు, ఓపిక ఉండాలి. గాడి అడుగు హెడ్‌స్టాక్ (పెగ్గులుండే తల) వైపు కొద్దిగా వాలి ఉండాలి, తీగ ఆనేది ఫ్రెట్‌బోర్డ్ వైపు అంచు మీదే. లోతు పెరిగితే మాత్రం ఖాళీ తీగ మొదటి ఫ్రెట్ మీద గరగరలాడుతుంది, గాడి పూడ్చాలి, లేదా నట్ మార్చాలి. అందుకే నాలుగు రాపిళ్ళకోసారి ఆపి, తీగని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి మొదటి ఫ్రెట్ మీద కాగితమంత సందు ఉందో లేదో చూసుకోవాలి. చివర్లో మెత్తటి పెన్సిల్ గ్రాఫైట్ పొడి గాడిలో రుద్దాలి. పెన్సిల్ పొడి ఇరుకు గాడిని బాగుచేయదు, బాగున్న గాడిని నున్నగా ఉంచుతుంది.

తీగ చుట్టడం గురించి పెద్దగా చెప్పేది లేదు. మామూలు పెగ్ అయితే లావు తీగలకి రెండు చుట్లు, ఒకదాని కింద ఒకటి, ఒకదాని మీదికి ఇంకొకటి ఎక్కకుండా. లాకింగ్ పెగ్ అయితే ఒక్క చుట్టు కూడా నిండకూడదు. ఆపై పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగని వేళ్ళతో పైకి లాగి, మళ్ళీ శ్రుతి చేసి, మళ్ళీ లాగి, లాగినా స్వరం దిగని దాకా.

పాత బిగువుకి దగ్గరగానే ఉన్నాం కాబట్టి మెడ పెద్దగా కదల్లేదు. అయినా కొలవాలి: మొదటి ఫ్రెట్ దగ్గర కాపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్), చివరి ఫ్రెట్ దగ్గర వేలు, ఏడు ఎనిమిది ఫ్రెట్‌ల దగ్గర సందు 0.25 మి.మీ. అటూఇటూ. సన్న తీగలతోనే కిందికి దించేస్తే మెడ వెనక్కి పోయి మొదటి ఫ్రెట్‌లలో గరగర మొదలవుతుంది. అప్పుడు ట్రస్ రాడ్‌ని (మెడ లోపలి కడ్డీని) పావు చుట్టు వదులు చేసి, శ్రుతి చేసి, మళ్ళీ కొలవడం.

ఇంటొనేషన్ (మెడ పొడవునా స్వరాలు సరిగ్గా పలకడం) వంతు వచ్చేది వీటన్నిటి తర్వాతే. గిటార్‌ని బల్ల మీద పడుకోబెట్టి కాదు, వాయించే భంగిమలో పట్టుకుని చూడాలి. పన్నెండో ఫ్రెట్ హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) కంటే అక్కడే నొక్కిన స్వరం ఎక్కువుంటే సాడిల్‌ని (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్కని) వెనక్కి జరపాలి, తక్కువుంటే ముందుకి. ఈ స్కేల్‌లో 1 మి.మీ. జరిపితే వచ్చే తేడా సుమారు 2.7 సెంట్లు (సెంటు అంటే సెమీటోన్‌లో నూరో వంతు). ఆరో తీగ 8 సెంట్లు ఎక్కువ చూపిస్తోంటే 3 మి.మీ. వెనక్కి పోవాలి. చోటు చాలకపోతే సాడిల్ వెనక స్ప్రింగ్ తీసేస్తే ఇంకొంచెం దొరుకుతుంది. జరిపే ముందు తీగని వదులు చేయడం మరవకూడదు.

తేలే ట్రెమొలో (స్ప్రింగుల మీద ఊగే బ్రిడ్జ్) ఉన్న గిటార్ అయితే కథ వేరు. అక్కడ తీగల బిగువూ వెనక స్ప్రింగుల బిగువూ సమానంగా ఉండాలి. ఆరో తీగ ఒక్కటి దించితే స్ప్రింగులది పైచేయి అయి బ్రిడ్జ్ వెనక్కి వాలుతుంది, మిగతా అయిదూ శ్రుతి తప్పి పైకి పోతాయి. స్ప్రింగుల్ని లాగి పట్టే క్లా స్క్రూలు వదులు చేస్తూ బ్రిడ్జ్‌ని మళ్ళీ సమంగా తేవాలి. పాట పాటకీ ట్యూనింగ్ మార్చేవాళ్ళు ట్రెమొలో బ్లాక్‌కీ బాడీకీ మధ్య చెక్కముక్క బిగించేసి బ్రిడ్జ్‌ని కదలకుండా చేయడమే నయం.

సాయంత్రం చివరిసారి శ్రుతి. 65 హెర్ట్జ్ దగ్గర చాలా క్లిప్ ట్యూనర్లు తడబడతాయి. నెక్ పికప్ ఎంచుకుని, టోన్ నాబ్ బాగా తగ్గించి, కేబుల్ ట్యూనర్‌కి పెడితే ముల్లు నిలకడగా ఉంటుంది. స్వరం దాటిపోతే బాగా కిందికి దించి మళ్ళీ పైకి ఎక్కించి ఆపాలి, లేకపోతే పెగ్ పళ్ళ మధ్య వదులు తర్వాత బయటపడుతుంది. మెల్లగా మీటి శ్రుతి చేసి, ఆనక బాదితే ప్రయోజనం లేదు. వాయించేంత గట్టిగానే కొట్టి చూడాలి. పామ్ మ్యూట్ (అరచేతి అంచుతో తీగ మోత అణిచి వాయించే) రిఫ్‌లే ఎక్కువైతే దెబ్బ పడిన క్షణంలో ముల్లు మధ్యలో ఉండేలా, తీగ మోగుతూ ఆగేసరికి రెండు మూడు సెంట్లు కిందుంటే ఫరవాలేదు. సాగదీసే కార్డ్‌లైతే ఆగిన స్వరాన్నే పట్టుకోవాలి. రికార్డింగ్‌లో ఈ రెండిటికీ విడివిడిగా శ్రుతి చేసుకోవడం చాదస్తమేమీ కాదు.

ఈ సెట్ ఉన్నంతకాలం ఈ గిటార్ డ్రాప్ సిలోనే. 56 తీగని ఇ దాకా ఎత్తితే దాని ఒక్కదాని బిగువే 12 కిలోలకి చేరుతుంది, మెడ ముందుకి వంగుతుంది, ఇంటొనేషన్ మళ్ళీ మొదటికొస్తుంది. ఇ స్టాండర్డ్ పాటలకి ఇంకో గిటార్ ఉంచుకోవాలి.