నా చుక్కల మందు నేనే వేసుకున్నాను

చిన్నప్పటి నుంచీ నాకు మైనస్ పవర్ ఎక్కువ. ఇలాంటి కళ్ళు మామూలు వాటికంటే పొడవుగా ఉంటాయని, లోపలి రెటీనా పొర సాగి పలచబడుతుందని, అది చిరిగే ప్రమాదం ఎక్కువని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. అందుకే కుడి కంట్లో మెరుపులు, వాటి వెంటే నల్లటి నలుసుల గుంపు కనబడగానే కుట్టుమిషన్ ఆపేసి రాజమండ్రిలోనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అప్పటికే చూపులో కింది నుంచి నల్లటి తెర లేస్తోంది. రెటీనా ఊడుతోంది, ఆలస్యం చేయొద్దని విశాఖపట్నం పంపారు. అక్కడ మా చెల్లి ఉంటుంది.

విట్రెక్టమీ చేశారు. కంటి లోపలి జిగురు పదార్థాన్ని తీసేసి, చిరుగు చుట్టూ లేజర్ పెట్టి, పొర అతుక్కునే దాకా అదిమి ఉంచడానికి గ్యాస్ నింపారు. కంటి పక్కన మత్తు సూది ఇచ్చారు కాబట్టి నొప్పి తెలియలేదు. అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలైంది. గ్యాస్ పైకే తేలుతుంది కాబట్టి, అది కంటి వెనక పొరను ఒత్తాలంటే నేను నేలకేసి చూస్తూ ఉండాలి. గంటలో యాభై నిమిషాలు అలాగే. తిండీ అలాగే, మాటలూ అలాగే. మెడ, నడుము విరిగిపోయేవి. చెల్లి కూతురు నా పక్కన చాప మీద పడుకుని ఫోన్లో చదివి వినిపించేది. స్విట్జర్లాండ్‌లో జూల్ గొనిన్ అనే డాక్టరు 1920లలో ఆ చిరుగును మూస్తే పొర తిరిగి అతుక్కుంటుందని చేసి చూపించాడట. అంతకుముందు రెటీనా ఊడితే దాదాపుగా ఆ కంటి మీద ఆశ వదులుకోవడమే. ఆ మాట విన్నాక మెడనొప్పి మీద నాకు ఫిర్యాదు లేకుండా పోయింది.

మా ఆయన పోయాక బ్లౌజులు కుట్టి ఒంటరిగా ఇల్లు నడుపుకున్నదాన్ని. ఇప్పుడు తల దువ్వడం దగ్గర్నుంచి అన్నీ చెల్లే. "అక్కా, నువ్వు లేవకు, నేనున్నాగా" అనేది. దాని ప్రేమకు ఎంత రుణపడినా తక్కువే. కానీ బోర్లా ఉండాల్సిన రోజులు అయిపోయాక కూడా అదే మాట. ఆసుపత్రి కాగితంలో చేయకూడనివన్నీ ఉన్నాయి: తలంటు వద్దు, బరువులు వద్దు, కన్ను నలపొద్దు. ఏ పని ఎప్పుడు మళ్ళీ మొదలుపెట్టొచ్చో మాత్రం ఎక్కడా లేదు. కంటి ఆపరేషన్ అయినవాళ్ళకు ఆ రెండో జాబితా కూడా అంతే అవసరమని గట్టిగా నమ్ముతున్నాను. లేకపోతే భయంతో మనమూ ఆగిపోతాం, ప్రేమతో ఇంట్లోవాళ్ళూ ఆపేస్తారు.

తర్వాతి చెకప్‌లో ఒక్కొక్క పనీ పేరు పెట్టి అడిగాను. "చుక్కల మందు మీరే వేసుకోవచ్చమ్మా" అన్నారు డాక్టరుగారు. చేతులు కడుక్కుని, వెల్లకిలా పడుకుని, కింది రెప్ప లాగి సంచిలా చేసి, సీసా పట్టుకున్న చెయ్యి నుదుటికి ఆనించి ఒక్క చుక్క. ఒక మందుకూ ఇంకో మందుకూ మధ్య అయిదు నిమిషాలు. మొదటిసారి చుక్క సరిగ్గా కంట్లో పడ్డప్పుడు ఏడుపొచ్చింది.

గ్యాస్ తగ్గుతుంటే చూపు పైనుంచి తేటపడుతూ వచ్చింది. కింద నీటి మట్టంలా ఒక గీత, తల కదిపితే ఊగేది. నిజానికి బుడగ కంట్లో పైభాగాన ఉంటుందట, బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి మనకు కిందుగా కనబడుతుందని చెప్పారు. అది పూర్తిగా కరిగేదాకా విమానం ఎక్కకూడదు, ఎత్తైన చోట్లకూ వెళ్ళకూడదు. గాలి ఒత్తిడి తగ్గితే గ్యాస్ వ్యాకోచించి కంట్లో ప్రెషర్ పెరిగిపోతుంది, చూపే పోవచ్చు. అరకు 900 మీటర్లకు పైనే ఉంటుంది కదా, మా మరిదిగారి వైపు పెళ్ళి అక్కడే. నన్ను ఒక్కదాన్ని వదిలి వెళ్ళనని చెల్లి పట్టుబట్టింది. "వెళ్ళిరండి, నా అన్నం నేను వండుకుంటాను" అన్నాను. వండుకున్నాను.

ఒక కన్నే పనిచేస్తున్నప్పుడు దూరం అంచనా అందదు. టీ కప్పు పక్కన పడేది. గిన్నె అంచును కప్పు అంచుకు ఆనించి పోయడం అలవాటు చేసుకున్నాను. మెట్లు దిగేటప్పుడు పిట్టగోడ పట్టుకుని ముందు పాదంతో తడిమేదాన్ని.

రాజమండ్రి వచ్చేశాక మిషన్ సూది వెనక తెల్లకాగితం పెట్టి దారం ఎక్కించాను. కుడి కంటితో చూస్తే టేపు మీది గీతలు ఇప్పటికీ కొంచెం వంకరగా ఉంటాయి. పొర మధ్యభాగం కూడా లేచి మళ్ళీ అతుక్కుంది కాబట్టి అలా ఉంటుందట, కొంత సర్దుకోవచ్చట. కొలతలకు ఎడమ కన్నే ఆధారం. లైనింగ్ బ్లౌజులు కుడుతున్నాను, కాజాలు మాత్రం పక్కింటి అమ్మాయికి ఇస్తున్నాను.

విట్రెక్టమీ తర్వాత శుక్లం త్వరగా వస్తుంది. నాకూ మొదలైంది, దానికీ ఆపరేషన్ తప్పదన్నారు. డాక్టరుగారిని అడగాల్సినవి ఇప్పుడే కాగితం మీద రాసి పెట్టుకున్నాను: వంట ఎప్పుడు, తలంటు ఎప్పుడు, మిషన్ ఎప్పుడు, ఒంటరిగా బస్సెక్కేది ఎప్పుడు. చెల్లికి ఫోన్ చేసి అదంతా చదివి వినిపించాను. "సరే అక్కా, చుక్కలు మాత్రం మొదటి వారం నేనే వేస్తా" అంది. ఒప్పుకున్నాను.